ఊదుబత్తి కాలేదాకా

అష్టమి, పగటి ఆటు

ఉప్పుగట్టు మీద ఇవాళ రెండు వాసనలు. ఒకటి కుళ్ళిన పాచిది, మాది. రెండోది మల్లెపూలది, అతిథులది.

అతిథులు పొద్దున వచ్చారు. వాళ్ళ ఓడ పేరు సౌహార్దం. మా తెప్పల ఊరికి ఎదురుగా లంగరు వేశారు. గాలి మా మీదుగా వాళ్ళ వైపు వీస్తోందని తెలుసుకుని మళ్ళీ లంగరు ఎత్తి, ఊరిని చుట్టి, అటుపక్కన వేశారు. అఖాతం చుట్టూ ఉన్న ఏడు తీరాల వర్తక కూటమీ, ప్రపంచ జీవరక్షణ మండలీ ఏడాదికోసారి కలిసి కూర్చుంటాయి. ఈసారి వంతు మాది.

నేను కూటమి కార్యాలయంలో తెలుగు చదువరిని. ఇంకా శిక్షణలోనే ఉన్నాను. కూటమికి ఏడు భాషలు, ఏడింటికీ సమాన విలువ. తీర్మానాన్ని ఏ భాషలో చదివినా అదే అసలు ప్రతి. ఇదివరకు యంత్రాలు చదివేవట. తప్పు జరిగినప్పుడు ఎవర్ని తిట్టాలో తెలియక మళ్ళీ మనుషుల్ని పెట్టారు. శిక్షణలో ఉన్నవాళ్ళు రోజూ కాస్త రాయాలని నియమం, అందుకని ఇది రాస్తున్నాను. నియమం లేకపోయినా రాసేదాన్నే. ‘సమన్వయం’ అనే మాట చూడండి. పెదాలు ఒకసారి కలిసి, నాలుక పైకి వెళ్ళి, మళ్ళీ పెదాల దగ్గరే ఆగుతుంది. ఉద్యోగంలో చేరిన రోజున ఆ మాటని పదిసార్లు అనుకున్నాను, తాటిబెల్లం ముక్క చప్పరించినట్టు.

మా పై అధికారి పద్మనాభం గారు నా మణికట్టుకి మల్లెదండ కట్టారు.

“కంపు వస్తే ఇది ముక్కు దగ్గర పెట్టుకో అమ్మాయ్. పెద్దవాళ్ళ ముందు మొహం చిట్లించకూడదు.”

“నాకు అలవాటేనండీ. మా ఊరి వాసనే కదా.”

“అలవాటని మాత్రం అనకు. అలవాటైందంటే ఇక సాయం ఎందుకంటారు.”

సాయంత్రం ఇంటికి వచ్చి, దండ తీసి గుంజకి తగిలించి, పాచి గీకడానికి కూర్చున్నాను. మా తాగునీళ్ళు జల్లెడపాచి నుంచే వస్తాయి. పచ్చటి గొంగళి లాంటిది పరిచి పైన సముద్రపు నీళ్ళు పోస్తే అడుగున మంచినీళ్ళు చుక్కలుగా దిగుతాయి. పోయిన పున్నమికి దానికి తెల్లతెగులు వచ్చింది. ఇప్పుడు ఊరంతా అది చీమిడిలా జారుతోంది. కొబ్బరిచిప్పతో గీకితే మోచేతులదాకా అంటుకుంటుంది, కడిగినా పోదు. బతికున్న ముక్కల్లోంచి దిగే నీళ్ళు సగం ఉప్పగానే ఉంటాయి. అవే తాగుతున్నాం.

భ్రమర వదినకి ఎనిమిదో నెల. మా అన్న మోపిదేవి ఆమెని పని ముట్టుకోనివ్వడు. ఇవాళ నర్సు వచ్చి వదిన పాదాన్ని వేలితో నొక్కింది. గుంట పడింది, అలాగే ఉండిపోయింది.

“ఉప్పునీళ్ళు ఇలాగే తాగితే రక్తపోటు పెరుగుద్ది,” అంది నర్సు. “పెరిగితే ఫిట్స్ వస్తయ్. తల్లో బిడ్డో నేను చెప్పలేను. మంచినీళ్ళు పట్టండి, అంతకుమించి నా దగ్గర మందు లేదు.”

“నీళ్ళు యాడున్నయ్యి?” అన్నాడు అన్న.

తలుపులోంచి కనిపిస్తూనే ఉంది. గట్టుకి అవతల, కేకేస్తే వినపడేంత దూరంలో, సారంగు పోలయ్య ఓడ నిలబడి ఉంది. దాని కింది అరలనిండా కొత్త జల్లెడపాచి.


నవమి, ఉదయపు పోటు

అన్నా నేనూ చిన్న పడవ మీద పోలయ్య ఓడ దగ్గరికి వెళ్ళాం. పోలయ్య వాళ్ళ ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రంగూనుకి వలస వెళ్ళినవాళ్ళు. ఆయన ఓడ నడిపేది ఆ తీరం నుంచే. ఓడకి పెద్ద కాబట్టి అందరూ ఆయన్ని సారంగు అంటారు.

“రాండి రాండి. ఏటి, మీ ఊరి కంపు ఇక్కడిదాకా కొడతంది,” అన్నాడు.

“నీ పాచి దించితే పోద్ది మావా,” అన్నాడు అన్న.

“దించడానికేగదేటి తెచ్చింది! దించనిస్తేనా. నిన్ననగా మీ కూటమోడొచ్చి సెప్పినాడు, ఇది పేణమున్న సరుకట. మండలోడు సూసి మంచిదని సెప్పాలట. మండలోడి కాడికి పోతే, కూటమి అడిగితేగానీ సూడకూడదట. కూటమోడి కాడికి మళ్ళీ పోతే, ఏడుగురూ ఒప్పుకుంటేగానీ అడగకూడదట. పరిసి ఏరు పట్టీదాకా ఇది నీళ్ళివ్వదు, తాగుద్ది. దీన్ని తడపడానికి నా కాడున్న మంచినీళ్ళు అయిపోతన్నాయి. మీ సదువుకున్నోళ్ళ పుణ్యం.”

ఆఖరి మాట నన్ను చూసే అన్నాడు. నేను మెడలోని కార్యాలయం బిళ్ళని పమిట కిందికి తోశాను.

ఓడ అడుక్కి దించి చూపించాడు. అరల్లో పచ్చగా, తడిగా, పొరలుపొరలుగా ఉంది. చేత్తో తాకితే వేళ్ళకి చల్లగా ఊపిరి తగిలినట్టుంది. అంచులు మాత్రం అప్పుడే పసుపుపచ్చగా మారుతున్నాయి.

“పున్నమిదాకా ఆగుద్దా?” అనడిగాను.

“ఆగితే ఆగుద్ది. నానైతే పూసీ ఇవ్వను.”

తిరిగి వచ్చేటప్పుడు అన్న తెడ్డు ఆపాడు. “నీకు ఆళ్ళతో మాట్టాడ్డం వచ్చు గదే. అడగవే. ఓ క్యాను నీళ్ళడుగు ముందు. పాచి సంగతి తరవాత.”


దశమి

అడిగాను.

మండలి తరఫున ఈ సమావేశానికి వచ్చిన పరిశీలకురాలి పేరు ఒడెట్. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. చెవిలో అనువాద యంత్రం ఉంది. అది తెలుగుని వాళ్ళ భాషలోకి, వాళ్ళ భాషని తెలుగులోకి మారుస్తుంది, వార్తలు చదివే గొంతుతో. వదిన సంగతి అంతా చెప్పాను. ఆమె చాలా శ్రద్ధగా విని, నా చెయ్యి పట్టుకుంది.

“మీ బాధని మండలి గుర్తిస్తోంది. కానీ సభ్యులు కోరనిదే సాయం చెయ్యడం నా పరిధిలో లేదు,” అంది యంత్రం ఆమె తరఫున.

“ఒక క్యానేనండీ.”

“ఒక్కరికి ఇస్తే ఊరందరికీ ఇవ్వాలి. అది నా పరిధిలో లేదు.”

పద్మనాభం గారి దగ్గరికి వెళ్ళాను. సౌహార్దంలో నీటిశుద్ధి యంత్రం పగలూ రాత్రీ మోగుతూనే ఉంటుందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. “ఓడ నీళ్ళు ఏడు తీరాల ఉమ్మడి ఆస్తి నాంచారూ. ఒక తీరం వాళ్ళకి పోస్తే మిగతా ఆరూ అడుగుతాయి, మాకేవీ అని. నీకు చిన్న విషయంలా కనిపిస్తుంది,” అన్నారు. ఆ మాట అంటూ చేతిలోని సగం గ్లాసు నీళ్ళు క్రోటన్ మొక్క కుండీలో పోశారు. కావాలని కాదు. గ్లాసు ఖాళీ చెయ్యడానికి.

మధ్యాహ్నం విందు. చదువరులం చివరి బల్ల దగ్గర కూర్చున్నాం. వేయించిన పండుగప్పలు, రొయ్యల పులావు, పీతలు. తిన్నాక ఒక్కొక్కరి ముందూ వెండి గిన్నె పెట్టారు. లోపల గోరువెచ్చటి నీళ్ళు, పైన తేలుతూ నిమ్మచెక్క. పక్కనున్న సింహళ చదువరి వేళ్ళు ముంచి తుడుచుకున్నప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. మంచినీళ్ళు. చేతులు కడుక్కోవడానికి. రెండు వందల గిన్నెల నిండా.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. వచ్చింది వాంతి. లోపలికి మింగేశాను. ఎందుకంటే అది కూడా వాళ్ళ బల్ల మీదే పడేది.

వంటవాళ్ళు గిన్నెలు ఎత్తి వెనక తొట్టిలో పోస్తున్నారు. వెళ్ళి ఒకాయన్ని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తరవాత అటూ ఇటూ చూసి ఖాళీ బకెట్టు నా వైపు కాలితో తోశాడు. నేను ఒక్కొక్క గిన్నే వంచుకున్నాను. పైన నూనె తెట్టు కట్టింది. అన్నం మెతుకులు, పీత కాలి ముక్క ఒకటి, ఎవరిదో పెదవిరంగు.

ఇంటికి తెచ్చి నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, మరగబెట్టి, మళ్ళీ వడకట్టాను. అన్న చూస్తున్నాడు. ఎక్కడివని అడగలేదు. అడిగితే చెప్పాల్సివచ్చేది, చెబితే అతను ఆ బకెట్టు తీసుకుని సౌహార్దం మీదికి వెళ్ళేవాడు.

వదిన గ్లాసెడు గటగటా తాగింది.

“నిమ్మకాయేశావా?”

“ఆఁ.”

“మంచి పన్జేశావ్. పొద్దున్నించీ కడుపులో తిప్పతా ఉంది.”

బయటికి వచ్చి చేతులు సముద్రంలో కడుక్కున్నాను. చేతులు శుభ్రంగానే ఉన్నాయి.


ఏకాదశి

శుభవార్త. రేపటి సభలో పాచి విషయం పెడుతున్నారు. ‘కూటమి కోరగా మండలి సదరు పాచిని పరీక్షించి దింపుటకు సమ్మతించును’ అన్నది తీర్మానం. ఏడు తీరాల ప్రతినిధులూ ఎవరికీ అభ్యంతరం లేదని పద్మనాభం గారితో విడివిడిగా చెప్పారట.

కూటమిలో చేతులెత్తడం, ఓట్లు వెయ్యడం ఉండదు. పాతకాలపు వర్తకులు నడి సముద్రంలో బేరం తేల్చుకున్న పద్ధతి ఒకటుందని చెబుతారు, అదే ఇప్పటికీ నడుస్తోంది. తీర్మానం ఏడు భాషల్లో చదివాక ఒక ఊదుబత్తి వెలిగిస్తారు. అది కాలిపోయేదాకా ఎవరూ నోరు విప్పకపోతే ఆమోదం. ఏ గొంతు వినపడినా అభ్యంతరం కింద లెక్క. తీర్మానం పడిపోతుంది, తీరాలు మళ్ళీ మొదటి నుంచి సంప్రదించుకోవాలి.

మూడేళ్ళ కిందట మండలి ఒక షరతు పెట్టింది. ప్రజల భాగస్వామ్యం లేకుండా కూటమితో పనిచెయ్యం అంది. కూటమి ఒప్పుకుంది. అప్పట్నుంచి ఊరివాళ్ళు ఓడ పక్కన పడవల్లో కూర్చుని సభ వినొచ్చు. వాటిని శ్రోతల పడవలంటారు. మా మాట సభలోకి వినపడటానికి ప్రతి పడవకీ ఒక గొట్టం బిగించారు. మండలి డబ్బుతోనే కొన్నారు, గొట్టాల మీద వాళ్ళ ముద్ర ఉంది.

తెలుగు ప్రతి నేనే రాయాలి. పద్మనాభం గారు పాత నమూనాలు ఇచ్చారు. ఒకటి చదివి చూశాను. ‘సదరు జీవపదార్థ ఆగమన అనుజ్ఞా ప్రక్రియకు సంబంధించి’ అని మొదలై, ఊపిరి తీసుకునే చోటు లేకుండా అర పేజీ నడిచింది. మా అన్నకి ఇది వినిపిస్తే నిద్రపోతాడు. వదినకి వినిపిస్తే భయపడుతుంది.

నేను మూడు వాక్యాల్లో రాశాను. రాసి, పైకి చదువుకుని, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఒక్క మాట కూడా తప్పు లేకుండా, ఒక్క మాట కూడా ఎక్కువ కాకుండా. చివరికి వచ్చింది ఇది: ‘పోలయ్య ఓడలోని జల్లెడపాచిని మండలి ఇవాళే పరీక్షిస్తుంది. బాగుంటే ఉప్పుగట్టు మీద దించుతారు. ఊరికి మంచినీళ్ళు వస్తాయి.’

పద్మనాభం గారికి చూపించాను. ఆయన విందు ఏర్పాట్ల గొడవలో ఉన్నారు. “అర్థం సరిపోయిందా? సరే,” అని సంతకం పెట్టేశారు.

ఇంతకన్నా మంచి వాక్యం నా జన్మలో రాయలేదు. రాత్రి నిద్ర పట్టేముందు కూడా అనుకున్నాను, ఊరికి మంచినీళ్ళు వస్తాయి, అని.


ద్వాదశి

శ్రోతల పడవల్లో ఊరు ఊరంతా ఉంది. అన్న ముందు పడవలో నిలబడ్డాడు. పక్కన చేపలమ్మే నాగేంద్రమ్మ అత్త, మనవణ్ణి ఎత్తుకుని.

ఆరు భాషల్లో చదవడం అయింది. ఆఖరున తెలుగు. నేను లేచి నా మూడు వాక్యాలూ చదివాను. కూర్చున్నాను. ఊదుబత్తి వెలిగించారు.

పొగ లేచీ లేవకముందే పడవల్లోంచి కేక.

“వస్తన్నయ్యంటరోయ్! నీళ్ళొస్తన్నయ్యంట!”

ఇక ఆగలేదు. ఈలలు, చప్పట్లు, తెడ్లతో పడవ అంచుల మీద కొట్టడం. నాగేంద్రమ్మ అత్త గొట్టం దగ్గరికి నోరు పెట్టి, “చల్లగా ఉండండి బాబూ, మీ కడుపులు చల్లగా ఉండ!” అని దీవించింది. అది సభ నాలుగు గోడలకీ తగిలి మోగింది.

ప్రతినిధులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధ్యక్షుడు ఊదుబత్తిని నీళ్ళ గిన్నెలో ముంచాడు. చుయ్ మంది.

“శ్రోతల నుంచి అభ్యంతరం నమోదైంది,” అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “అభ్యంతరం కాదండీ! సంతోషం. వాళ్ళు సంతోషిస్తున్నారు.”

“చదువరికి చర్చలో పాల్గొనే అధికారం లేదు.”

“దీవిస్తోందండీ ఆవిడ, మిమ్మల్నే—”

పద్మనాభం గారు నా భుజం పట్టి కూర్చోబెట్టారు. ఒడెట్ పెదవి కొరుక్కుంటూ కాగితాలు సర్దుకుంటోంది. ఒక తీరం ప్రతినిధి పక్కాయనతో ఏదో అంటే ఆయన నవ్వాడు. భోజనానికి వేళైందని అనుకుంటాను.

వసారాలోకి తీసుకెళ్ళి పద్మనాభం గారు గొంతు తగ్గించి అన్నారు. “మూడేళ్ళుగా పడవలకి చదువుతున్నాం. ఏనాడూ పడవల్లోంచి చప్పుడు రాలేదు. ఎందుకో తెలుసా?”

“తెలీదండీ.”

“ఎవరికీ అర్థమయ్యేలా ఎవరూ చదవలేదు.”

“అర్థం కాకపోతే మరి వాళ్ళని పడవల్లో ఎందుకు కూర్చోబెట్టారండీ?”

“మండలి అడిగింది కాబట్టి.”

ఆ మనిషిని చూస్తే నాకు అసహ్యం వేసింది. అంతకన్నా నామీద నాకు వేసింది. ఆయన చెప్పింది నిజం. అభ్యంతరం చెప్పడానికి గొట్టం ఉంది. సంతోషం చెప్పడానికి లేదు. రెండు పెద్ద సంస్థలు మూడేళ్ళు సహకరించుకుని, మాకు బిగించి ఇచ్చింది అది.

అన్న ఇంటికి వచ్చి తెడ్డు మూలన పెట్టాడు. “మేం అరవకుండా ఉంటే వచ్చేయా?” అన్నాడు.

“వచ్చేయి.”

“ముందే చెప్పొచ్చుగదే.”

నోరు మూసుకోవాలని పడవల్లో ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఇదివరకు రాలేదు. అన్నకి అది చెప్పలేకపోయాను.


త్రయోదశి

వదినకి తలనొప్పి. కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నట్టుందట. నర్సు మాటలు తగ్గించేసింది. అది మంచిది కాదు, ఆమె వాగుడుకాయ.

నిమ్మచెక్కల నీళ్ళు కూడా లేవు. బకెట్టిచ్చిన వంటాయన్ని వేరే పనిలోకి మార్చారు.

మధ్యాహ్నం పద్మనాభం గారు ఒక ఉత్తర్వు ఇచ్చి పోలయ్యకి చదివి రమ్మన్నారు. కూటమికీ మండలికీ ఉన్న ఒప్పందం ప్రకారం, అనుమతి రాని ప్రాణమున్న సరుకు ఉమ్మడి జలాల్లో నిలవకూడదు. దానికి ఊదుబత్తులు అక్కర్లేదు, ఎప్పుడో ఒప్పుకున్నదే. అన్నని తోడు తీసుకుని వెళ్ళి చదివాను.

“‘సదరు జీవపదార్థమును ఓడ వ్యర్థములతో కలిపి, ఓడ చెత్తగొట్టము ద్వారా, మండలి పరిశీలకుల సమక్షమున సముద్రములోనికి విసర్జించి, ఓడ తక్షణమే వెడలిపోవలెను.’”

“అంటే ఏటి?”

“చెత్తలో కలిపి పారెయ్యమంటున్నారు.”

పోలయ్య కాండ్రించి సముద్రంలోకి ఉమ్మాడు. “రానిమ్మంటే ఏడు ఊర్లు ఒప్పుకోవాలి. పారీమంటే ఎవుడూ ఒప్పుకోనక్కర్లేదు. థూ. మనుసులా ఈళ్ళు? బతికున్నదాన్ని, పచ్చగున్నదాన్ని, పెంటలో కలపమంటారేటి?”

అన్న కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు. చదవడం సరిగా రాదు అతనికి. అయినా దాన్నే చూస్తున్నాడు.

“యాడ పారెయ్యాలో రాశారా?”

నేను మళ్ళీ చదివాను. మొదటి నుంచి చివరిదాకా, రెండుసార్లు.

“సముద్రంలో అని ఉంది. అంతే.”

“యాడైనా సముద్రమేగా,” అన్నాడు అన్న.

పోలయ్య అన్నని చూశాడు. తరవాత గట్టు వైపు చూశాడు. “ఎల్లుండి పున్నమి. పోటు ఎటు కొడతాది మీ కాడ?”

“పడమటి తెప్పల మీదికి. కొట్టుకొచ్చిందంతా అక్కడే పడుద్ది.”

“వలలున్నాయా?”

“వలలు తప్ప ఇంకేం లేవు మావా మాకు.”

ఒకటే చిక్కు. చెత్తతో కలపకుండా పారేస్తే ఉత్తర్వు తప్పినట్టే, ఒడెట్ చూస్తుంది. కలపక తప్పదు. కలిపితే ఎంత బతుకుతుందో ఎవరికీ తెలియదు.


పున్నమి, ఉదయపు పోటు

ఒడెట్ మండలి మరపడవలో వచ్చింది. నేను ఆమె పక్కన దుబాసీగా ఉన్నాను. ఆమె చెవి యంత్రానికి పోలయ్య మాట ఎక్కదు.

పోలయ్య ఓడ పడమటి తెప్పలకి ఎదురుగా వచ్చి ఆగింది. తెప్పలకీ ఓడకీ మధ్య ఊళ్ళో ఉన్న పడవలన్నీ వలలు పరుచుకుని ఉన్నాయి.

ఒడెట్ కాసేపు చూసింది. “ఆ వలలు ఎందుకు?” అంది యంత్రం.

“ఈ వేళప్పుడు చేపలు పడతారు.”

“ఇక్కడా?”

“చెత్త దగ్గరికి చేపలు వస్తాయండీ.”

ఆమె నా కళ్ళలోకి చూసింది. నేను చూపు దించలేదు. ఆమే దించింది, తన చేతిలోని పలక మీదికి. “ఓడలోంచి ఏం బయటికి వచ్చిందో చూడమన్నారు. అది ఎక్కడికి పోతుందన్నది నా పరిధిలో లేదు.”

మొన్న నీళ్ళివ్వనన్నప్పుడు ఏ గొంతుతో అందో అదే గొంతుతో అంది. మంచి చేసిందని అనుకోవాలో ఏమో నాకు తెలియలేదు. నేను అనుకోలేదు.

చెత్తగొట్టం తెరుచుకుంది. ముందు వారం రోజుల వంటింటి చెత్త వచ్చింది. చేప పేగులు, కుళ్ళిన ఉల్లిపాయలు, గంజి, నల్లటి ఇంజను నూనె. తరవాత పచ్చగా, పొరలుపొరలుగా, పాచి. కొంత చెత్తలో ఇరుక్కుని, కొంత విడిగా తేలుతూ. పోటు దాన్ని ఎత్తి మావాళ్ళ మీదికి తోసింది.

వలలు లాగారు. ఆడవాళ్ళు తెప్పల అంచున కూర్చుని పేగుల్లోంచి పాచిని విడదీశారు. నాగేంద్రమ్మ అత్త వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్ళీ చేతులు పెట్టింది. ఎవరూ అరవలేదు. మొన్నటి నుంచి మా ఊళ్ళో గట్టిగా మాట్లాడటానికి జనం భయపడుతున్నారు. అన్న నూనె అంటిన ముక్కని గుండెలకి ఆనించుకుని, చొక్కాతో మెల్లగా అద్దుతున్నాడు, పసిపిల్లని తుడిచినట్టు.

నేను మరపడవలో, ఒడెట్ పక్కన, ఉతికిన బట్టల్లో కూర్చుని ఉన్నాను. అంతకన్నా మురికిగా ఎప్పుడూ అనిపించలేదు.

సగానికి పైగా చచ్చిపోయింది. మిగతాది పరిచారు. వేరు పట్టాలి.


పాడ్యమి

ఇవాళ ముగింపు సభ. కూటమీ మండలీ కలిసి ఒక ఉమ్మడి ప్రకటన తయారుచేశాయి. పద్మనాభం గారు తెలుగు ప్రతి తానే రాసి నాకిచ్చారు. ‘ఉభయ సంస్థల నిరంతర సమన్వయముతో, అనుజ్ఞారహిత జీవపదార్థ విసర్జన ప్రక్రియ, ఎట్టి అవాంఛనీయ సంఘటనలు లేకుండ, ప్రజల భాగస్వామ్యముతో, ఆదర్శప్రాయముగ...’

ప్రజల భాగస్వామ్యముతో. ఆ చోట ఆగిపోయాను. నాగేంద్రమ్మ అత్త మూతి తుడుచుకోవడం గుర్తొచ్చింది. సమన్వయం అన్న మాట నోట్లో చేప పేగులా జారింది. నాకిష్టమైన మాటని పట్టుకుని ఏం తుడిచారో చూడండి.

సభకి ముందు అన్నతో ఒకటే చెప్పాను. “ఇవాళ నేనేం చదివినా కిక్కురుమనొద్దని అందరికీ చెప్పు. నవ్వొచ్చినా, కోపమొచ్చినా.”

ఆరు భాషలు అయ్యాయి. లేచాను. పద్మనాభం గారి కాగితాన్ని ఎదురుగా పట్టుకుని, అందులో లేనిది చదివాను.

“ఉప్పుగట్టుకి తాగడానికి నీళ్ళు లేవు. నీళ్ళిచ్చే పాచి ఓడలో వచ్చింది. మేం రానివ్వలేదు. చెత్తలో కలిపి సముద్రంలో పారేయించాం. ఊరివాళ్ళు ఆ చెత్తలోంచి ఏరుకున్నారు. ఈ పని కూటమీ మండలీ కలిసి, ఒకరికొకరు సహకరించుకుని చేశాయి.”

కూర్చున్నాను. ఊదుబత్తి వెలిగించారు.

సభలో తెలుగు తెలిసినవాళ్ళం నేనూ పద్మనాభం గారూ ఇద్దరమే. మా తీరం ప్రతినిధి బయట ఫోన్లో ఉన్నాడు. తెలుగు వంతు వచ్చేసరికి ఒడెట్ అలసిపోయి చెవి యంత్రం తీసి బల్ల మీద పెట్టింది, అందరూ పెట్టారు. ఏడో భాషలో కొత్తగా ఏముంటుంది? ఒకాయన గోళ్ళు చూసుకుంటున్నాడు.

పద్మనాభం గారి మొహం పాలిపోయింది. నోరు తెరిచారు. ఒక్క మాటన్నా చాలు, ఉమ్మడి ప్రకటన పడిపోతుంది. రెండు సంస్థలూ, ఏడు తీరాలూ మళ్ళీ మొదటి నుంచి. పడేసింది ఎవరంటే ఆయన పేరే రాస్తారు. తెరిచిన నోరు అలాగే ఉంది. ఊదుబత్తి సగానికి వచ్చింది. ఆయన నోరు మూశారు.

పడవల్లో ఊరంతా విన్నది. గొట్టాల్లోంచి అలల చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అన్న రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు.

బూడిద రాలింది. “ఆమోదించడమైనది,” అన్నాడు అధ్యక్షుడు. చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో ఒడెట్ కూడా ఉంది.

వసారాలో పద్మనాభం గారు గోడకి ఆనుకున్నారు. “ఏం చేశావో తెలుసా నీకు? అది అసలు ప్రతి. ఇక ఎవరూ మార్చలేరు.”

“మీరు అభ్యంతరం చెప్పాల్సిందండీ.”

ఆయన తలుపు వైపు చూసి, “ఎవరికీ చెప్పకు. నేనూ చెప్పను,” అన్నారు.

చెప్పకపోవడం ఆయనకి అలవాటే.


తదియ

సౌహార్దం వెళ్ళిపోతోంది. పొద్దున పద్మనాభం గారు మరపడవలో మా తెప్ప దగ్గరికే వచ్చారు. దిగలేదు. చెప్పులకి పాచి అంటుతుందని కాబోలు.

“నిన్ను ప్రధాన కార్యాలయానికి తీసుకెళ్తున్నాం నాంచారూ. పదోన్నతి. అక్కడ చదవక్కర్లేదు, దస్తావేజులు భద్రపరిస్తే చాలు. సొంత గది. పగలూ రాత్రీ మంచినీళ్ళు.”

నన్ను తీసెయ్యాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే నేను చదివింది రాయాలి. అందుకని పైకి పంపిస్తున్నారు, గొట్టాలకి దూరంగా.

“వదినకి నీళ్ళు పట్టాలండీ,” అన్నాను.

“ఎవరైనా పడతారు. పడవ ఎక్కువసేపు ఆగదు.”

నేను వెనక్కి వెళ్ళి పాచి పరుపు కింద పెట్టిన చెంబు తీశాను. ఈ రెండు రోజుల్లో దిగిన మొదటి చెంబెడు. రంగు లేదు. నాలుక మీద ఒక చుక్క వేసుకున్నాను. ఉప్పు లేదు. చేప పేగుల వాసన మాత్రం ఉంది, ఇంజను నూనెది కూడా, మరిగించినా పోదు.

మంచం మీద వదిన లేచి కూర్చుంది. నర్సు పక్కనే ఉంది. అర్ధరాత్రి ఫిట్స్ వస్తాయేమోనని కాపలా కూర్చున్న మనిషి, రాకపోయేసరికి మళ్ళీ వాగడం మొదలుపెట్టింది. గండం గడిచిందని మాత్రం అనడం లేదు.

బయట పడవ కూత వేసింది.

వదిన నేను పోసిచ్చిన గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఆగింది. నన్ను చూసింది. ఊపిరి బిగపట్టి మొత్తం తాగేసి, మూతి తుడుచుకుంది.

“నాంచారమ్మా!” పద్మనాభం గారి గొంతు. “నిన్నే. వస్తున్నావా, లేదా?”

“ఇంకో గ్లాసు పొయ్యవే,” అంది వదిన.

“ఖాళీ లేదండీ,” అని బయటికి కేకేసి, చెంబు వంచాను.